పెద్ద కెమెరానా, చిన్న కెమెరానా

అర్ధవీడు,
6 ఫిబ్రవరి 2011.

గోవర్ధన్‌కు,

నీ బావ మాల్యాద్రి రాస్తున్నాను. ఇంట్లో అందరం బాగున్నాం, గొర్రెలతో సహా. మీ అక్క శ్రీశైలమ్మ పంపిన కారప్పొడి చేరిందా? ఆ మంచుకొండ మీద నీకు ఫోన్ వంతు నెలకొకసారి వస్తుంది, అదీ మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ మీ అక్కే మాట్లాడుతుంది. నా మాట చెప్పుకోవడానికి పోస్టాఫీసు తప్ప దారి లేదు.

నాకు కెమెరా కావాలి. నవ్వకు. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి, మోటారు స్విచ్ వేయడానికి ఇప్పటికీ కర్ర వెతుక్కునేవాణ్ణి. అయినా కావాలి. పోయిన వారం మార్కాపురం పోయి బస్టాండు దగ్గర దుకాణంలో అడిగాను. రెండు రకాలు చూపించాడు. ఒకటి పెద్దది, నల్లగా పొట్టేలు తలకాయంత ఉంది. ముందున్న అద్దం గొట్టం తిప్పితే ఊడి చేతికొస్తుంది. దాన్ని డీఎస్ఎల్ఆర్ అంటారట, కొత్తగా నేర్చుకునేవాళ్లకు చేసిందట. రెండోది చొక్కా జేబులో పడుతుంది. అది కాంపాక్ట్ అట. ఏది మంచిదని అడిగితే దుకాణమతను, "దేనికి కావాలన్నా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. చెప్పలేక బయటికొచ్చి, టీ తాగి బస్సెక్కాను. రానూపోనూ డెబ్భై కిలోమీటర్లు తిరిగి తాగిన టీ అది.

నీకు మాత్రం చెబుతాను. దూరంగా ఉన్నదాన్ని తీయాలి. రెండు మూడు రోజులకోసారి పొద్దు వాలే వేళకు మన వాగు దగ్గరికి వస్తుంది. ఒంటరిగానే. నన్ను చూస్తే కాసేపు నిలబడి, ఏమీ పట్టనట్టు వెళ్లిపోతుంది. ఆ నడక చూసినప్పటి నుంచి నాకు వేరే పని తోచడం లేదు. దగ్గరికి పోయే ధైర్యం నాకు లేదు, దాని పరువు అలాంటిది. మీ మిలిటరీ కాంటీన్‌లో కెమెరాలు దొరుకుతాయని విన్నాను. ఏది కొనాలో అక్కడ తెలిసినవాళ్లను అడిగి రాయి.

మీ అక్క దగ్గర ఈ ప్రస్తావన తేవద్దు. ఒకసారి నేనే తెచ్చి, ఆ పూట కడుపు మాడ్చుకుని పడుకున్నాను.

పోస్టుమ్యాన్ దారి చూస్తూ,
నీ బావ మాల్యాద్రి.


కేరాఫ్ 56 ఏపీఓ,
24 ఫిబ్రవరి 2011.

బావకు,

కారప్పొడి చేరింది. ఇక్కడ గడ్డం గీసుకుందామని సబ్బు రాసుకుంటే నురుగు గడ్డకడుతోంది. నిన్న సగం గడ్డంతో పరేడ్‌కు పోయి సుబేదారు సాబ్ చేత తిట్లు తిన్నాను. అయినా నా సంగతి కాదు ఇప్పుడు మాట్లాడాల్సింది.

నీకు అక్కనిచ్చేటప్పుడు నేను తొమ్మిదో తరగతి. "మాల్యాద్రికి తెలివి కొంచెం తక్కువైతే ఏంది, గుణం మంచిది" అని నాయన అన్నాడు. ఆ రెండో సగాన్నే నమ్ముకుని మేమందరం పందిరి వేశాం. ఇప్పుడు నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎవరామె? ఎవరింటి మనిషి? వాగుకు ఒంటరిగా వచ్చే ఆడమనిషిని చాటుగా ఫోటో తీయడం నేరం, బావా. నడక అట, పరువు అట. ఆమెకు పరువుందని తెలిసిన మనిషివి, నీకూ ఒకటి ఉందని ఎలా మరిచిపోయావు? నీకు నలభై ఆరేళ్లు.

కెమెరా కొనిపెట్టే ప్రశ్నే లేదు. పెద్దదీ లేదు, చిన్నదీ లేదు.

ఇంకొక సంగతి. నిన్న ఫోన్ వంతు వచ్చింది. నీ మాట ఎత్తకూడదని గట్టిగా అనుకునే రిసీవర్ పట్టుకున్నాను. అక్క గొంతు వినగానే ఆగలేకపోయాను. "అక్కా, బావ సాయంత్రాలు వాగుకాడికి ఎందుకు పోతుండాడో కాస్త కనిపెట్టుకో" అన్నాను. "ఎందుకు?" అని అక్క అడిగేలోపు లైన్ కట్టయింది. మళ్లీ వంతు నెల తర్వాత. అప్పటిదాకా నీ తిప్పలు నువ్వు పడు.

గోవర్ధన్.


అర్ధవీడు,
11 మార్చి 2011.

మా ఇంటి పరువు కాపాడుతున్న గోవర్ధన్‌కు,

ఆమెకు నాలుగు కాళ్లు. ఒక తోక. ఒంటి నిండా మచ్చలు. చిరుతపులి నాయనా అది. తెలుగులో ఆడమనిషి అయినా అడవి జంతువైనా "వస్తుంది" అనే అంటాం. ఆ లోపం భాషది, నాది కాదు. పేరు పెట్టి రాయకపోవడం మాత్రం నా తప్పే. ఎందుకు రాయలేదో చెబుతాను.

జనవరిలో ఒక సాయంత్రం గొర్రెలను తోలుకొస్తూ వాగు అవతల రాతిబండ మీద చూశాను. మొదట దూడ అనుకున్నాను. దూడ తల తిప్పి నన్ను చూసింది. నా కర్ర కింద పడింది, తీసుకోవాలని కూడా అనిపించలేదు. ఊళ్లోకొచ్చి టీ కొట్టు దగ్గర చెప్పాను. అక్కడ అశోక్ ఉన్నాడు, మన వెనకవీధిలో గొర్రెలు కాసే అశోక్. "యాడ చూసినావు మామా?" అన్నాడు. వాగు అవతల అన్నాను. "ఎంత పొడుగుంది?" అన్నాడు. నేను చేతులు చాచి చూపించాను. భయంలో చేతులు ఎంత దూరం చాచానో నాకు తెలియదు, అతను మాత్రం, "అంత పొడుగుంటే అది పులి కాదు, గిద్దలూరు రైలు" అన్నాడు. ఆ రోజు నుంచి నేను పులి మాల్యాద్రిని. పెళ్లిపత్రికల మీద కూడా అలాగే రాసి ఇస్తున్నారు.

నవ్వడం వరకైతే నాకు బాధ లేదు. నా మొహం అందుకు పనికొస్తుందని నాకెప్పుడో తెలుసు. కానీ మునుపు ఏ వైపు మేపాలి, ఏ గుంటలో నీళ్లు మంచివి అని నన్నడిగేవాళ్లు. ఇప్పుడు బడి పిల్లలు సెలవురోజున బర్రెలను ఆ వాగుకే తోలుకుపోతుంటే అడ్డం నిలబడి పోవద్దన్నాను. "తాతా, పులి టిక్కెట్టు ఎంత?" అని నవ్వుకుంటూ పోయారు. వాళ్లు తిరిగొచ్చేదాకా నేను గట్టున నిలబడి లెక్కపెట్టుకున్నాను. అందుకే ఫోటో కావాలి. నా మాట చెల్లదు, ఫోటో అయితే చెల్లుతుంది.

ఇక నీ ఫోన్ సంగతి. మీ అక్క నన్ను అడగలేదు. రెండు రోజులు పళ్లెం గట్టిగా పెట్టింది. మూడో రోజు సాయంత్రం నేను వాగు గట్టున పొద వెనక కూర్చుని ఉంటే, వెనక నుంచి చీపురు చేతబట్టుకుని వచ్చింది. పొద చుట్టూ తిరిగింది. నేను, నా నీళ్ల సీసా తప్ప ఎవరూ లేరు.

"ఎవతి అది?" అంది.

"ఎవతీ కాదు, పులి" అన్నాను.

మీ అక్క చీపురు కింద పెట్టి, నన్ను పైనుంచి కిందికి చూసింది. "తమ్ముడు ఆడమనిషన్నట్లు చెప్పినాడు. నువ్వు పులంటుండావు. నీ మొహానికి రెండూ ఎక్కువే" అని ఇంటికి పోయింది. వెనకే నేనూ పోయాను. దారిలో నవ్వింది, గోవర్ధన్. రెండు నెలలుగా ఊరు నవ్విన నవ్వే అది. మీ అక్క నోటి నుంచి వింటే కొంచెం వేరేగా తగిలింది.

కెమెరా ఏదో ఒకటి చూడు.

మాల్యాద్రి.


కేరాఫ్ 56 ఏపీఓ,
27 మార్చి 2011.

బావా,

నీ ఉత్తరం బంకర్‌లో చదివి నా నెత్తిన నేనే కొట్టుకున్నాను. మందపాటి టోపీ ఉంది కాబట్టి తగల్లేదు. పులిని ఆడమనిషి అనుకున్న హవల్దారును, నన్ను సరిహద్దు కాపలాకు పెట్టారు. దేశం క్షేమం కోరుకో.

తప్పు దిద్దుకుంటాను. కెమెరా కొనేశాను. మా యూనిట్‌లో స్టీఫెన్ అని మన మార్కాపురం పక్క తర్లుపాడు అబ్బాయి ఉన్నాడు, నాయక్. యూనిట్ ఫంక్షన్లకు ఫోటోలు అతనే తీస్తాడు. అతన్ని అడిగాను. "మీ బావకు దేనికన్నా?" అన్నాడు. అందరూ అదే అడుగుతారు కాబోలు. దూరంగా ఉన్న జంతువుకు అన్నాను. "అయితే పన్నెండు రెట్లు దగ్గరికి లాగే జూమ్ ఉన్న చిన్న కెమెరా చాలన్నా. పెద్దదానితో వచ్చే లెన్సు దగ్గరి మనుషులకే. దూరానికి వేరే లెన్సు కొనాలి, అది కెమెరా కంటే ఖరీదు" అన్నాడు.

నేను ఆలోచించాను. ఊరందరూ నవ్విన మా బావ మెడలో అగ్గిపెట్టెలాంటిది వేలాడితే ఇంకా నవ్వుతారు. పెద్దది ఉంటే ముందు నోళ్లు మూతపడతాయి. పైగా నేను హవల్దారును, స్టీఫెన్ నాకంటే కింద నాయక్. ర్యాంకుకు విలువ ఉండాలి కదా. అందుకని పెద్దదే తీసుకున్నాను. స్టీఫెన్ రెండు నెలల సెలవు మీద వస్తున్నాడు, అతనే తెచ్చిస్తాడు.

అక్కకు నా మీద కోపం ఉందా? ఉంటే రాయొద్దు.

గోవర్ధన్.


అర్ధవీడు,
18 ఏప్రిల్ 2011.

గోవర్ధన్‌కు,

కెమెరా వచ్చింది. స్టీఫెన్ మంచి పిల్లవాడు. ఇచ్చేటప్పుడు, "నేను చెప్పినా వినలేదు మామా, ఆయన" అని ఒక్క మాటే అన్నాడు. ఎందుకన్నాడో అప్పుడు అర్థం కాలేదు.

నువ్వనుకున్నది నిజమే, మెడలో వేసుకుని వీధిలోకి రాగానే నోళ్లు మూతపడ్డాయి. ఒక గంటసేపు. ఆ తర్వాత అందరూ ఫోటోలు తీయమని వరస కట్టారు. నాగవేణి తన కొత్త గేదెతో తీయించుకుంది. యాకోబు చర్చి ముందు కుటుంబంతో నిలబడి తీయించుకున్నాడు. అందులో అందరి తలలూ వచ్చాయి, ఆయనది తప్ప. అశోక్ కూడా వచ్చి తన పొట్టేలుతో నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే దగ్గర మనుషులను ఆ కెమెరా ఎంత బాగా తీస్తుందంటే, మీ అక్క మొహంలో ఇరవై రెండేళ్లుగా నేను చూడని పుట్టుమచ్చ ఒకటి కనిపించింది. చెబితే, "కెమెరా కొంటేగాని చూడలేదా" అంది.

పన్నెండో తేదీ సాయంత్రం అది వచ్చింది. నేను పొద వెనక బోర్లా పడుకుని ఉన్నాను. కెమెరా బరువుకు మెడ లాగుతోంది. కన్ను ఆనించి చూస్తే, మామూలు కంటికి కనిపించినదానికంటే ఇంకా దూరం పోయింది. గొట్టం ఎంత తిప్పినా అంతే. సరే అని నొక్కాను. లోపల ఏదో అద్దం టక్కున కొట్టుకుంది. ఆ చప్పుడుకు నాకే గుండె ఆగింది, దానికి ఆగుతుందా? ఒక్క దూకులో పోయింది.

మార్కాపురం పోయి పెద్ద సైజు ప్రింటు వేయించాను. స్టూడియో అతను అటు తిప్పి ఇటు తిప్పి, "బండరాయి బాగా పడిందన్నా" అన్నాడు. బండ మీద చూడమన్నాను. భూతద్దం తెచ్చాడు. నువ్వుగింజంత ఉంది గోవర్ధన్, మచ్చలేమో గాని తల ఏదో తోక ఏదో నాకే తెలియలేదు. అశోక్ చూసి, "పులి కాదు మామా, ప్రింటు మీద చీమ పాకుతుంది" అని ఊదాడు. నిజంగానే ఊదాడు. అది పోలేదు. మళ్లీ ఊదాడు. టీ కొట్టు టీ కొట్టంతా ఊదింది.

మూడు రోజులు ఆ వైపు పోలేదు. నాలుగో రోజు పోయాను. ఏం చేయను, గొర్రెలకంటే నాకే ఆ వైపు అలవాటైంది.

ర్యాంకు విలువ తెలిసొచ్చిన నీ బావ,
మాల్యాద్రి.


కేరాఫ్ 56 ఏపీఓ,
2 మే 2011.

బావా,

తప్పు నాది. స్టీఫెన్ ఇక్కడ లేడు గాబట్టి ఒప్పుకోవడం సులువుగా ఉంది. అతనికి ఈ రోజే ఉత్తరం వేశాను. అతని దగ్గర సొంత చిన్న కెమెరా ఉంది, పన్నెండు రెట్ల జూమ్‌ది. పెద్దదంటే అతనికి ప్రాణం. నువ్వు తర్లుపాడు పోయి, పెద్దది ఇచ్చేసి చిన్నది తెచ్చుకో. చప్పుడు కూడా తీసేయవచ్చట, ఎలాగో అతన్నే అడుగు. నన్ను అడగొద్దు.

గోవర్ధన్.


అర్ధవీడు,
19 మే 2011.

గోవర్ధన్‌కు,

ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు. బంకర్‌లో పైకి చదవొద్దు.

తర్లుపాడు పోయి మార్చుకొచ్చాను. స్టీఫెన్ వాళ్లమ్మ లీదియమ్మ అన్నం పెట్టి పంపింది. కెమెరా చప్పుడు తీసేయడం, జూమ్ లాగడం అతను నాకు నాలుగుసార్లు చూపించాడు. ఫ్లాష్ ఆపడం కూడా చూపించాడు. మూడు నేర్పితే నాకు రెండు గుర్తుంటాయి, నీకు తెలుసు.

పదిహేనో తేదీ సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, పొద వెనక చేరాను. కొండల్లో గుంటలన్నీ ఎండిపోయాయి, ఇక్కడ బండ పక్కన మాత్రం మడుగులో నీళ్లున్నాయి. అది వచ్చింది. నేను జూమ్ లాగాను. లాగేకొద్దీ దగ్గరికొచ్చింది గోవర్ధన్, మీసాలు లెక్కపెట్టేంత దగ్గరికి. కిందపెదవికి ఒక పక్క చీలిక ఉంది. పాత దెబ్బ. నొక్కాను. ఫ్లాష్ వెలిగింది.

అది తలెత్తి తిన్నగా నా వైపు చూసింది. ఇంటి బీగం చెవి మీ అక్కకు ఇచ్చానా లేదా అని ఒక్క ఆలోచన వచ్చింది, ఎందుకొచ్చిందో. అంతలో అది మళ్లీ తల దించి నీళ్లు తాగసాగింది. నన్ను లెక్కచేయలేదు. ఊళ్లో వాళ్లకూ దానికీ నా విషయంలో ఒకటే అభిప్రాయం.

ఫ్లాష్ ఆపి మళ్లీ చూశాను. అప్పుడు దాని వెనక గడ్డి కదిలింది. రెండు పిల్లలు. మన ఇంటి పిల్లి కంటే కొంచెం పెద్దవి. ఒకటి తల్లి పక్కన కూర్చుని తాగింది. రెండోది బండ మీద నుంచి జారి మడుగులో పడి, లేచి, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు అటూ ఇటూ చూసింది. అన్నీ తీశాను. పదకొండు ఫోటోలు. ఒక్కటీ మసక లేదు.

ఊరి దారి పట్టాను. నేరుగా టీ కొట్టుకు పోయి ఒక్కొక్కరి ముక్కు ముందూ పెడదామని ఎంత వేగంగా నడిచానో. దారిలో అశోక్ దొడ్డి. అతను తడిక దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు చచ్చిన గొర్రెపిల్ల. మెడ దగ్గర పళ్లు దిగిన గుర్తులు. నెలలో ఇది రెండోది. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కుక్కలేమో?" అన్నాను.

"కుక్కో, నక్కో, నీ పులో, ఏదైతే నాకేంది మామా. యాడ తిరుగుతదో తెలిస్తే చాలు. దీని కడుపులో గుళికలు కూరి ఆడ పడేస్తా. మళ్లీ రాదు" అన్నాడు. పక్కన వరికి చల్లే గుళికల మందు ప్యాకెట్ ఉంది.

నా చెయ్యి చొక్కా జేబు మీద ఉంది. పెద్ద కెమెరా అయితే మెడలో ఉండేది, చూపించమని లాక్కునేవాడు. చిన్నది కాబట్టి కనపడలేదు. "జాగర్త" అని ఏదో పనికిమాలిన మాట అని ఇంటికొచ్చాను.

అశోక్ చెడ్డవాడు కాదు. రెండు గొర్రెపిల్లలు పోయినవాడి కడుపుమంట నాకు తెలుసు, నేనూ గొర్రెలవాణ్ణే. కానీ నా నోటి మాట నమ్మలేదు గాబట్టి ఇన్నాళ్లూ సరిపోయింది, ఫోటో చూపిస్తే గుళికలు పెట్టడానికి బండ చూపించినట్టే. ఆ బండ ఊళ్లో అందరికీ తెలుసు. చూపించకపోతే బర్రెలు కాసే పిల్లలు అటే పోతారు. నేను పులి మాల్యాద్రిగానే పోతాను. నాలుగు రోజులుగా కెమెరా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఎవరికీ చూపించలేదు, మీ అక్కకు కూడా. ఏం చేయాలో రాయి.

మాల్యాద్రి.


కేరాఫ్ 56 ఏపీఓ,
1 జూన్ 2011.

బావా,

ఇందులో ఆలోచించడానికేముంది? పోయి అందరి ముందూ పెట్టు. మొదట అశోక్‌కు చూపించు. ఐదు నెలలు నిన్ను ఎలా ఏడిపించారో గుర్తు తెచ్చుకో. మిగతాది తర్వాత ఫారెస్టువాళ్లు చూసుకుంటారు. నువ్వు పైకి చదవొద్దన్నావు గాని సంతోషం పట్టలేక మా వాళ్లందరికీ చెప్పేశాను. కన్నడవాళ్లు, పంజాబువాళ్లు కూడా నీ పేరు అడుగుతున్నారు. ఇక్కడ నిన్ను నమ్మనివాడు లేడు. అక్కడ కూడా ఉండకూడదు.

ఒక ఫోటో ప్రింటు వేయించి పంపు. గోడకు పెడతాను.

గోవర్ధన్.


అర్ధవీడు,
26 జూన్ 2011.

గోవర్ధన్‌కు,

నీ సలహా చేరేసరికి పని అయిపోయింది, నువ్వు చెప్పినదానికి సరిగ్గా తిరగేసి. కోపగించుకోకు. ప్రింటు కూడా పంపడం లేదు. స్టూడియోలో వేయిస్తే సాయంత్రానికి మార్కాపురమంతా తెలుస్తుంది. సెలవు మీద వచ్చినప్పుడు కెమెరాలోనే చూడు. మీ పంజాబువాళ్లకు నా నమస్కారం చెప్పు.

ముందు మీ అక్కకు తెలిసింది. చొక్కా ఉతకబోతూ జేబు తడిమి కెమెరా తీసింది. ఏ మీట నొక్కిందో ఫోటోలు వచ్చాయట. నేను గొర్రెలను తోలుకొచ్చేసరికి అరుగు మీద దాన్ని చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. అన్నం పెట్టింది. తినేదాకా చూసి పళ్లెం తీసింది.

"ఎంత దూరంలో ఉంటివి?" అంది.

"వాగుకు ఇవతల."

"అది ఒక్క దూకు దూకితే?"

"దూకలా."

"బుద్ధుందా నీకు?" అని చాలాసేపు తిట్టింది. ఆ తర్వాత అశోక్ మాట, గుళికల మాట చెప్పాను. మీ అక్క మళ్లీ కెమెరా తీసుకుని, మడుగులో పడిన పిల్ల ఫోటోను రెండుసార్లు చూసింది. లోపలికి పోయి పడుకుంది.

మర్నాడు కుళాయి దగ్గర ఆడవాళ్లందరి ముందూ ఏం చెప్పిందో విను. "వాగుకాడ బండ పక్కన మద్దిచెట్టుకు ఇంత తేనెతుట్టె పట్టింది. నిన్న మా ఆయన్ని ఊరి దాకా తరుముకుంటా వచ్చినయ్. పిల్లల్ని అటు పంపబాకండి" అంది. ఊరంతా కడుపు పట్టుకుని నవ్వింది. పులి మాల్యాద్రిని ఈగలు తరిమాయని. కానీ ఆ రోజు నుంచి ఒక్క బర్రె అటు పోలేదు. శ్రీశైలమ్మ అబద్ధమాడదని అందరికీ నమ్మకం. నేను కళ్లారా చూసిన నిజం ఐదు నెలలు చెప్పినా ఒక్కడు వినలేదు. మీ అక్క చూడని తేనెతుట్టెను ఊరు ఊరంతా ఒక్క పూటలో నమ్మింది. దీన్ని బట్టి నాకు అర్థమైందేమిటో రాయను, నువ్వు కూడా నవ్వుతావు.

అశోక్ దొడ్డికి నేనే పోయాను. మూడు రోజులు తుమ్మకంప కొట్టుకొచ్చి, అతని తడిక చుట్టూ మనిషెత్తు కట్టాను. "ఎందుకు మామా ఈ చాకిరి?" అన్నాడు. "కుక్కలు" అన్నాను. అతను నన్ను కాసేపు చూసి, తనూ కొడవలి తీసుకుని వచ్చాడు. కట్టాక మళ్లీ గొర్రెపిల్ల పోలేదు. గుళికల ప్యాకెట్ ఇంకా చూరులోనే ఉంది, నేను పోయినప్పుడల్లా చూస్తూనే ఉంటాను.

జూన్ ఎనిమిదిన ఫారెస్టు గార్డు సంజీవరావు ఊళ్లోకి వచ్చాడు. టీ కొట్టు దగ్గర అందరం ఉన్నాం. ఎవరో అనగా విన్నాడట. "ఇక్కడ చిరుతను చూసినోడు ఎవరు?" అని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. అశోక్ కూడా చూశాడు, నవ్వకుండా. దొడ్డికి కంప కట్టినప్పటి నుంచి అతనికి ఏదో అనుమానం ఉన్నట్టుంది.

"నువ్వేనా? నిజంగా చూసినావా?" అన్నాడు గార్డు.

కెమెరా జేబులోనే ఉంది. పదకొండు ఫోటోలు. తీసి బల్ల మీద పెడితే చాలు. ఇన్నాళ్లు నేను కోరుకున్న నిమిషం అదే, అందరూ ఉన్నారు, అడిగినవాడు సర్కారు మనిషి.

"లేదు సార్" అన్నాను. "కుక్క. బాగా బలిసిన కుక్క. పొద్దు గుంకినాక నాకు కళ్లు సరిగ్గా ఆనవు."

అప్పుడు నవ్వారు చూడు, అంత నవ్వు నేను నా జన్మలో వినలేదు. అశోక్ కూడా నవ్వి, నా టీ డబ్బులు తనే ఇచ్చాడు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి, నవ్వు వల్లనే అనుకుని ఉంటారు.

ఇంటికి పోతుంటే సంజీవరావు సైకిల్ తోసుకుంటూ వెనకే వచ్చాడు. వీధి మలుపులో ఆగి, ఎవరూ లేరని చూసుకుని, "పిల్లలెన్ని?" అన్నాడు.

నేను రెండు వేళ్లు చూపించాను.

"ఇసకలో అడుగులు చూసినా. రెండా మూడా తెలియలా" అన్నాడు. తల ఊపి సైకిలెక్కి పోయాడు. మళ్లీ రెండుసార్లు వచ్చి వాగు వైపు తిరిగిపోయాడు. ఊళ్లో మాత్రం తేనెతుట్టె చూడటానికి పోతున్నానని చెప్పాడట.

పద్నాలుగున వాన పడింది. కొండ మీద గుంటలు నిండాయి. ఆ తర్వాత అది మడుగుకు రాలేదు. నేను నాలుగు సాయంత్రాలు కూర్చుని చూశాను, బండ మీద తొండ ఒకటి తప్ప ఏమీ లేదు. పైకి పోయి ఉంటాయి, మంచిదే.

టీ కొట్టు దగ్గర జరిగింది నేను ఇంట్లో చెప్పలేదు. కుళాయి దగ్గర ఎవరో చెప్పారు. మీ అక్క బిందె దించి నా దగ్గరికొచ్చి నిలబడింది.

"అంతమంది ముందర కుక్క అన్నావంటగా?"

"అన్నాను."

"అనేటప్పుడు మీసం దువ్వుకుంటివా?"

ఏమో, గుర్తు లేదన్నాను.

"దువ్వుకునే ఉంటావు. అబద్ధమాడితే నీ చెయ్యి మీసం మీదికి పోతది. ఇరవై రెండేండ్లుగా చూస్తుండా" అంది. బిందె మళ్లీ చంకనెత్తుకుని, గడప దగ్గర ఆగింది. నా వైపు తిరగలేదు. "పులిని చూసినానని నువ్వు మొదట వచ్చి చెప్పిన పొద్దు నీ చెయ్యి పోలా. నాకు తెలుసు. తెలిసి కూడా ఊరందరితో పాటు నవ్వినా" అని లోపలికి పోయింది.

నీ బావ,
మాల్యాద్రి.